మన బండలు చెప్పు భూఖండముల పుట్టుక

అచ్చంపేట నుండి ఉత్తరమున కల్వకుర్తి వైపునకు, ఈశాన్యమున దేవరకొండ వైపునకు, పడమట నాగర్‌కర్నూలు వైపునకు పోవువారికి త్రోవ పొడుగునను గ్రానైటు బండలే కానవచ్చును. పరుపు బండలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్లు, నడుమ నడుమ ఎఱ్ఱని చెలకలు, ఇదియే మన సీమ రూపము. మన యిండ్ల పునాదులును, గడపలును, రోళ్ళును, తిరుగళ్ళును, పొలము గట్లపై నాటిన కడీలును ఈ రాతివే. ఇంత పరిచయమైన వస్తువును గుఱించి మనము ప్రశ్న వేయుట యరుదు. రాయి లోకము పుట్టినప్పటి నుండియు ఇట్లే పడియున్నదని పిల్లలే కాక పెద్దలును తలంతురు.

ఈ తలంపు సరికాదు. భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. మన సీమ యందలి గ్రానైటు వయస్సు దానిలో సగము కంటె కొంచెము ఎక్కువ మాత్రమే. అంతకు ముందు ఈ బండ లేదు. ఇది యగ్నిపర్వత శిలల నుండి, వానిని మరల మరల కరగించుటచేత, అంచెలంచెలుగా తయారైనది. ఈ తయారీయే భూఖండముల పెరుగుదల. దీనిని తెలిసికొనుట వట్టి వినోదము గాదు. మన బావినీటి మంచిచెడ్డలు సైతము ఈ బండ పుట్టిన విధముపై నాధారపడియున్నవి. ఆ సంగతిని క్రమముగా వివరించుట ఈ పాఠము యొక్క యుద్దేశము.

1. రెండు విధములైన భూపటలము

భూమి యొక్క పైపెంకునకు భూపటలమని పేరు. దాని దిగువ నుండు బరువైన శిలాభాగమునకు ప్రావారమని పేరు. భూపటలము అంతటను ఒకే విధముగా లేదు. సముద్రముల యడుగున నున్నది బసాల్టు అనబడు నల్లని శిల. దాని మందము సుమారు 7 కిలోమీటర్లు మాత్రమే. భూఖండముల క్రింద నున్నది మొత్తము మీద గ్రానైటు జాతికి సమీపమైన శిల. దాని మందము సామాన్యముగా 35 నుండి 40 కిలోమీటర్లు. మన దక్షిణదేశమున కావలి నుండి ఉడుపి వఱకు, సుమారు 600 కిలోమీటర్ల పొడుగున, 1970 దశాబ్దములో హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు నేలలో ప్రేలుళ్ళు జరిపి, వాని ప్రకంపనములు లోతునుండి తిరిగి వచ్చు కాలమును కొలిచి, ఈ మందమును లెక్కించిరి.

బసాల్టు నీటి కంటె ఇంచుమించు మూడు రెట్లు బరువు, గ్రానైటు 2.7 రెట్లు మాత్రమే. ఈ భేదము చూచుటకు చిన్నది, ఫలమున మిక్కిలి పెద్దది. బరువు కట్టెయు తేలిక కట్టెయు ఒకే చెఱువులో విడిచినచో తేలిక కట్టె యొక్క భాగము నీటిపై నెక్కువ నిలుచును గదా! అట్లే తేలికయు మందమును గల భూఖండములు ఎత్తుగా నిలిచినవి. బరువైన పలుచని సముద్రపటలము పల్లమున నుండి నీటిని తాల్చినది. అంతియే కాదు. సముద్రపటలము చల్లాఱి మఱింత బరువెక్కి, కాలక్రమమున ప్రావారములోనికి క్రుంగిపోవును. కావుననే మహాసముద్రముల యడుగున 20 కోట్ల సంవత్సరముల కంటె మిక్కిలి పాతదగు శిల దొరకుట యరుదు. భూఖండము తేలిక యగుటచేత క్రుంగదు. కనుకనే 250 కోట్ల సంవత్సరముల నాటి బండపై మనము నేడును ఇండ్లు కట్టుకొనుచున్నాము.

కాబట్టి భూఖండము పెరుగుట యనగా నేమి? క్రుంగిపోని తేలిక శిల తయారగుటయే.

2. గ్రానైటు నిప్పునుండి పుట్టినదని యెట్లు తెలియును?

ఒక గ్రానైటు ముక్కను తీసికొని యెండలో చూడుడు. గాజువలె మెఱయు పలుగురాయి, తెలుపో గులాబి రంగో గల ఫెల్డుస్పారు, నల్లని రేకులుగా నుండు అభ్రకము, ఈ మూడును ఒకదానితో నొకటి అల్లుకొని కానవచ్చును. గింజలు కంటికి కనబడునంత పెద్దవి. ఇప్పుడొక బసాల్టు ముక్కను చూడుడు. గింజలు కంటికి ఆనవు. అంతయు నొకటే నలుపు.

దీని కారణము పటికబెల్లమును చేయువారి కెఱుకయే. చిక్కని పాకమును కదల్పక మెల్లగా చల్లాఱనిచ్చినచో పెద్ద పెద్ద పలుకులు కట్టును. త్వరగా చల్లార్చినచో సన్నని పొడి యగును. శిలాద్రవము భూమి లోపల కిలోమీటర్ల లోతున నిలిచి, వేలు లక్షల సంవత్సరములు మెల్లగా చల్లాఱినచో గ్రానైటు వంటి ముతక గింజల శిల యగును. పైకి పొరలి గాలికో నీటికో తగిలి వెంటనే చల్లాఱినచో బసాల్టు వంటి సన్నని గింజల శిల యగును.

పూర్వము ఐరోపా పండితులలో పలువురు గ్రానైటు ఆదిసముద్రము నుండి పేరుకొన్నదని నమ్మిరి. 1785లో స్కాట్లాండు దేశీయుడగు జేమ్సు హట్టను గ్లెన్ టిల్టు అను లోయలో ఏటి యొడ్డున గ్రానైటు తీగలు పాతశిలల పగుళ్ళలోనికి దూఱియుండుట చూచెను. గట్టిరాయి పగుళ్ళలోనికి దూఱజాలదు. కావున గ్రానైటు ఒకప్పుడు కరగి పాఱినదనియు, తాను దూఱిన శిల కంటె తాను చిన్నదనియు నతడు నిశ్చయించెను. దూఱినది చిన్నది, దూఱబడినది పెద్దది. ఈ యొక్క సూత్రమును జ్ఞాపకముంచుకొన్నచో మన యూరి బండలను మనమే చదువవచ్చును.

3. నల్లరాతి నుండి తెల్లరాయి

బసాల్టు ప్రావారము కొంచెము కరగుటచేత పుట్టును. గ్రానైటు మాత్రము ప్రావారము నుండి సూటిగా ఇంత విస్తారముగా పుట్టదు. దానికి నడుమ మఱికొన్ని అంచెలు గావలయును.

శిలలో పెక్కు ఖనిజములు కలసియుండును. వేడి తగిలినప్పుడు అన్నియు నొక్కమాఱు కరగవు. సులభముగా కరగునవి ముందు కరగి, ద్రవమై తేలికపడి పైకి పోవును. మొండివి అడుగున నిలుచును. వెన్నను కాచునప్పుడు నెయ్యి పైకి తేఱి, మడ్డి యడుగున మిగులుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. భూమి యీ పనిని మూడు మాఱులు చేసినది.

మొదటి మాఱు ప్రావారము కొంత కరగి బసాల్టు ద్రవమై అగ్నిపర్వతముల ద్వారా వెలువడెను. రెండవ మాఱు ఆ బసాల్టు సముద్రజలముతో తడిసి, లోతునకు క్రుంగియో మందముగా పేరుకొనియో, వేడెక్కి కొంత కరగెను. అప్పుడు పుట్టినది టోనలైటు మొదలగు పేర్లు గల బూడిద రంగు శిల. దీనిలో సోడియము హెచ్చు, పొటాసియము తక్కువ. మూడవ మాఱు ఆ బూడిద శిలయే భూపటలము యొక్క లోపలి వేడికి కొంత కరగెను. ఆ ద్రవము పైకి వచ్చి చల్లాఱి, పొటాసియము హెచ్చుగా గల గులాబి గ్రానైటు అయ్యెను.

ఈ పనికి నీరు ముఖ్యము. పొడి బసాల్టు పూర్తిగా కరగుటకు ఇంచుమించు 1200 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలయును. నీరు తోడైనచో, భూమి లోపలి యొత్తిడిలో, గ్రానైటు 650 నుండి 700 డిగ్రీలకే కరగనారంభించును. ఈ సంగతిని అమెరికా శాస్త్రజ్ఞులగు టటిల్, బోవెను అనువారు ప్రయోగములచేత ఋజువుపఱచి 1958లో ప్రకటించిరి. సముద్రము లేని లోకమున భూఖండము పెరుగుట కష్టమని దీనివలన గ్రహింపవచ్చును.

4. మన సీమలోని సాక్ష్యములు

ఈ మూడంచెల కథకు సాక్ష్యము దూరదేశములలో వెదకనక్కరలేదు.

మొదటి యంచె శిలలు మనకు పడమట గద్వాల వద్దను, తూర్పున నల్లగొండ జిల్లా పెద్దవూర వద్దను, ఇంకను పడమటికి రాయచూరు జిల్లా హట్టి వద్దను సన్నని పొడవైన పట్టీలుగా నిలిచియున్నవి. ఇవి పూర్వపు లావాలు. వేడికిని ఒత్తిడికిని మాఱి పచ్చని నలుపు రంగు పొందుటచేత వీనికి హరితశిలలని పేరు. హట్టి బంగారు గని యట్టి పట్టీలోనిదే. ఇట్టి పట్టీలలో కొన్ని చోట్ల దిండ్లను పేర్చినట్లున్న లావా కానవచ్చును. లావా నీటి క్రింద పొంగినప్పుడు పైపొర వెంటనే గట్టిపడి, లోపలి ద్రవము దిండు దిండుగా ఉబ్బి వెలువడును. నేడును సముద్రముల యడుగున ఇట్లే జరుగుచున్నది. కావున ఇప్పుడు సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున నున్న యీ ప్రాంతమున నొకప్పుడు సముద్రమును, అందు అగ్నిపర్వతములును ఉండెడివి. గద్వాల పట్టీలో బోనినైటు అను నరుదైన లావాయు దొరకినది. ఇట్టిది యీ కాలమున జపానునకు దక్షిణముగా నున్న ద్వీపముల వరుస వంటి చోట్ల, సముద్రపటలము మఱియొక పలక క్రిందికి క్రుంగు తావుల పుట్టుచున్నది. ఇట్లు లావా యొక్క జాతియే తాను పుట్టిన తావును చెప్పుచున్నది.

రెండవ యంచె శిల బూడిద రంగు నైసు. దీనిపై తెలుపు నలుపు చారలుండును. దీనియందు పలుచోట్ల నల్లని పచ్చశిల తునకలు, పాయసములో ద్రాక్షపండ్ల వలె, చిక్కుకొని యుండును. చిక్కుకొన్నది పాతది, చిక్కించుకొన్నది క్రొత్తది. మూడవ యంచె గులాబి గ్రానైటు ఈ రెంటిని కోసికొని తీగలుగా పాఱును. రాతి గని యందు క్రొత్తగా చీల్చిన బండపై ఈ మూడింటి వరుసను విద్యార్థులు స్వయముగా చూడవచ్చును. చివరకు వీని నన్నిటిని కోసికొని, గోడ కట్టినట్లు తిన్నగా మైళ్ళకొలది సాగిన నల్లరాతి వరుసలు గలవు. వీనికి డైకులని పేరు. ఆ రాయి డోలరైటు. మహబూబునగరు సీమలో ఇవి విస్తారము. కరగుచున్న మెత్తని నేల తిన్నగా చీలదు. డైకులు తిన్నగా నున్నవనగా అప్పటికి మన భూఖండము చల్లాఱి గట్టిపడి, గాజువలె పగులునంత బిఱుసైనదని యర్థము.

5. వయస్సును లెక్కించు విధము

వరుస తెలిసినది, సంవత్సరముల లెక్క యెట్లు? గ్రానైటులో జిర్కాను అను ఖనిజపు గింజలు ఇసుక రేణువు కంటె చిన్నవిగా నుండును. ఇది పుట్టునప్పుడు తనలోనికి యురేనియమును రానిచ్చును గాని సీసమును ఇంచుమించు రానీయదు. యురేనియము తనంతట తాను మెల్లమెల్లగా సీసముగా మాఱును. యురేనియము 238 అను రకము సగము తఱుగుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. గింజలో సీసమెంత, మిగిలిన యురేనియమెంత యని కొలిచినచో దాని వయస్సు తేలును. శిలల వయస్సునకు ఈ యురేనియము, సీసముల లెక్కను 1911లోనే ఇంగ్లాండు దేశమున ఆర్థరు హోమ్సు అనుసరించెను. నేటి యంత్రములు ఒక్క గింజలో లోపలి భాగమును, పైపొరను వేఱువేఱుగ కొలువగలవు. లోపల పాత గింజ, పైన క్రొత్త పొర కనబడినచో, ఆ గ్రానైటు పాత భూపటలము మరల కరగుటచేత పుట్టినదని తెలియును. గ్రానైటు అంతయు క్రొత్త ధనము గాదు. కొంత పాత నాణెములను కరగించి మరల పోసినదే.

ఇట్లు లెక్కింపగా కర్ణాటకపు పడమటి భాగమున 340 నుండి 300 కోట్ల సంవత్సరముల నాటి శిలలు విస్తారముగా తేలినవి. తూర్పు భాగమున, అనగా మన సీమతో గూడిన ప్రదేశమున, లావాలును గ్రానైటులును హెచ్చుగా 270 నుండి 250 కోట్ల సంవత్సరముల నడుమవి. కర్ణాటకమున రామనగరము నుండి ఉత్తరముగా సుమారు 400 కిలోమీటర్లు సాగిన గ్రానైటు పట్టీ వయస్సు ఇంచుమించు 252 కోట్ల సంవత్సరములు. రామనగరమునకు పూర్వము క్లోజుపేట యని పేరుండుటచేత ఆ పట్టీకి క్లోజుపేట గ్రానైటని పేరు కలిగినది. పడమట పాత నేల, తూర్పున దానికి చేరిన క్రొత్త నేల: దక్షిణభారతము ఇట్లు ప్రక్కకు ప్రక్కకు పెరిగినది.

6. నల్లమల పాదమున ఒక పెద్ద విరామము

గట్టిపడిన తరువాత భూఖండము ఊరకుండలేదు. ఎండయు వానయు దానిని అరగదీసినవి. కిలోమీటర్ల లోతున పుట్టిన గ్రానైటు నేడు మన కాళ్ళక్రింద నుండుటయే, దానిపై నుండిన యంత శిలయు కొట్టుకొనిపోయినదనుటకు సాక్ష్యము. కొట్టుకొనిపోయిన గ్రానైటులో మెత్తని భాగములు మన్నయ్యెను. గట్టి పలుగు గింజలు ఇసుకయై పల్లములలో పొరలుపొరలుగా పేరుకొని, కాలక్రమమున క్వార్ట్జైటు అను గట్టిరాయిగా నతుకుకొనెను. మైదానమున గుండ్రని గ్రానైటు గుండ్లును, నల్లమల యంచున పలకలు పలకలుగా నిలిచిన నిట్రమైన కొండచరియలును ఉండుట కిదియే కారణము. ఉమామహేశ్వరము కొండ నెక్కువారు క్రింది గ్రానైటు నేల నుండి పై క్వార్ట్జైటునకు చేరుదురు. ఆ రెండు శిలలు కలియు గీత యొద్ద 50 కోట్ల సంవత్సరముల కంటె నెక్కువ కాలము లోపించినది. చరిత్రగ్రంథమున కొన్ని వందల పుటలు చినిగిపోయినట్లు ఆ కాలపు శిల యచ్చట లేదు.

మఱి చాల కాలమునకు, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, దక్కను లావాలు పడమటి నుండి పొంగి పరిగి, తాండూరు, కొడంగలు ప్రాంతముల వఱకు పాత శిలలను కప్పినవి. అచ్చటి నల్లరేగడి ఆ లావా యొక్క సంతానము. మన యెఱ్ఱ చెలక గ్రానైటు యొక్క సంతానము.

7. ఈ చరిత్రకును మన బావికిని గల సంబంధము

శిల మరల మరల కరగునప్పుడు కొన్ని మూలకములు ఖనిజములలో సులభముగా నిముడవు. అవి ద్రవమును విడువక, ప్రతి మాఱును పైకి పోవు భాగముతోనే పోవును. పొటాసియము, యురేనియము, థోరియము అట్టివి. ఫ్లోరిను సైతము హెచ్చుగా నట్లే చివరి ద్రవమున చేరును. కావున ముమ్మాఱు వడపోసిన గులాబి గ్రానైటులో ఇవి యన్నియు కూడుకొన్నవి. పొటాసియము చెలకలకు సారము నిచ్చినది. ఫ్లోరిను మాత్రము నల్లగొండ సీమకు దుఃఖము నిచ్చినది.

గ్రానైటునందలి అభ్రకము, అపటైటు, ఫ్లోరైటు అను ఖనిజముల నుండి ఫ్లోరైడు మెల్లగా నీటిలోనికి దిగును. గ్రానైటులో నీరు నిలుచు తావు స్వల్పము. పైన మొరము పొరయు, దాని దిగువ బండ పగుళ్ళును మాత్రమే నీటికి నెలవులు. ఇఱుకు పగుళ్ళలో నీరు రాతి నంటుకొని దీర్ఘకాలముండినచో ఫ్లోరైడు హెచ్చును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాముల కంటె ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. దానిని మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లపై పసుపు, గోధుమ రంగు మచ్చలు పడును. మఱింత హెచ్చైనచో ఎముకలు బిగిసి, నడుము వంగి, కాళ్ళు వంకరపోవును. హైదరాబాదు రాజ్యమున ఈ వ్యాధిని గుఱించి 1945లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడినది. మఱ్ఱిగూడ, నాంపల్లి ప్రాంతముల కుటుంబములు తరతరములుగా దీనిని అనుభవించినవి. ఇది వారి పాపమును గాదు, శాపమును గాదు, అంటువ్యాధియును గాదు. వారి బావి త్రవ్వబడిన బండ యొక్క గుణము. ఇంత మాత్రము తెలిసినను ఆ యింటి పిల్లలను ఎవరును తక్కువగా చూడరు.

కారణము తెలిసినప్పుడు ఉపాయము దొరకును. నాగపురము నందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ వారు పటికయు సున్నమును బ్లీచింగు పొడియు తగు పాళ్ళలో కలిపి, కలియబెట్టి, తేర్చి, వడగట్టి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని ఏర్పఱచిరి. దానికి లోకమంతటను నల్లగొండ పద్ధతి యని పేరు. 2016లో ప్రారంభమైన మిషను భగీరథ పథకము నదీజలమును ఊళ్ళకు చేర్చుటకు ఉద్దేశింపబడినది. నీటిని మరగించుటవలన ఫ్లోరైడు పోదని తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలెను. నీరు ఇగిరిన కొలది అది చిక్కబడును.

యురేనియమును గుఱించియు నొక మాట. గ్రానైటును క్వార్ట్జైటును కలియు ఆ గీత వెంబడి, నల్లగొండ జిల్లా లంబాపురము, పెద్దగట్టు, చిత్రియాల వద్ద, యురేనియము కూడియున్నట్లు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు కనుగొనిరి. నల్లమలలో దానిని వెదకుటయు త్రవ్వుటయు అడవికిని, చెంచువారికిని, కృష్ణానీటికిని హాని యని ప్రజలు ఆందోళన చేసిరి. త్రవ్వకము వలదని 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానించెను. ఇట్టి విషయములలో రేపు నిర్ణయము చేయవలసిన పౌరులు నేటి విద్యార్థులే. తన కాలి క్రింది రాయి యేదియో యెఱుగనివాడు దానిని గుఱించి యితరులు చెప్పు మాటల సత్యాసత్యములను ఎట్లు తూచగలడు?

అభ్యాసము

1. ఒక గ్రానైటు ముక్కను, ఒక నల్లని డోలరైటు ముక్కను త్రాసునకు దారముతో వ్రేలాడదీసి తూచుడు. తరువాత నీటిలో మునుగునట్లు వ్రేలాడదీసి తూచుడు. మొదటి తూనికను రెండు తూనికల భేదముచేత భాగింపుడు. గ్రానైటునకు 2.7కును, డోలరైటునకు 3కును సమీపమైన సంఖ్యలు వచ్చును. భూఖండము ఎత్తుగా నిలుచుటకు గల కారణములలో ఆ రెండు సంఖ్యల భేదము ఒకటి.

2. మీ యూరి యొద్ద నొక బండపై ఏ శిల యే శిలను కోసినదో చూచి, పటము గీసి, పెద్దదానినుండి చిన్నదాని వఱకు వరుసగా పేర్లు వ్రాయుడు.

3. మీ యింట త్రాగు నీరు ఏ బావిదో, ఎంత లోతుదో అడిగి తెలిసికొనుడు. దాని ఫ్లోరైడు పరీక్షింపబడినదా యని విచారింపుడు. పరీక్షింపబడనిచో మీ పెద్దలకు చెప్పి పరీక్ష చేయింపుడు. ఈ మూడవ ప్రశ్నకు జవాబు తెచ్చినవానికే పాఠము పూర్తిగా వచ్చినట్లు.